గోంగూర విత్తనం ఇంట్లోనే కట్టుకోవడం ఎలా

"పోయినేడు కట్టుకున్న సొంత విత్తనమే వేశాం. ఈసారి జానెడు ఎత్తు కూడా రాకముందే పూతకొచ్చేసింది. ఆకే లేదు. విత్తనం చెడిపోయిందా?"

సంక్రాంతి దాటిందంటే చాలు, ఈ ప్రశ్న నాకు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. విత్తనం చెడిపోవడం అరుదు. అయితే మీరు అకాలంలో వేసి ఉంటారు, లేదంటే నిరుడు ఏపైన మొక్కలన్నీ పచ్చడిలోకి పోయి, ఎందుకూ పనికిరానివి విత్తనానికి మిగిలి ఉంటాయి. నేను చూసినంతలో రెండోదే ఎక్కువ. బాగున్న మొక్కను పీకి తింటాం, గిడసబారిందాన్ని "పోనీలే, విత్తనానికి ఉండనీ" అని వదిలేస్తాం. నాలుగేళ్ళు ఇలా చేస్తే నాలుగేళ్ళూ మనం గిడసబారిన మొక్కనే ఎంచుకున్నట్టు.

ఎంపిక ఎంత పని చేస్తుందో తెలియాలంటే గోంగూర పుట్టింటికి వెళ్ళాలి. ఇది ఆఫ్రికా మొక్క. పూత రాలాక కాయ చుట్టూ ఎర్రగా, కండగా పెరిగే రక్షక పత్రాలను సూడాన్‌లో ఎండబెట్టి కర్కదే అనే పానీయం కాస్తారు. సెనెగల్‌లో దాన్నే బిస్సాప్ అంటారు, నైజీరియాలో జోబో. అక్కడ ఆ ఎర్ర తొనలు లావుగా వచ్చే మొక్కలను తరతరాలుగా ఏరుకున్నారు. మనం ఆకు కోసం ఏరుకున్నాం, ఉత్తరాంధ్రలో నార కోసం ఏరుకున్నారు. ఎవరి చెయ్యి ఏది ఏరితే మొక్క అటు నడిచింది. మీ పెరట్లో జరిగేదీ అదే, కాకపోతే చిన్న ఎత్తున.

కావలసినవి

విత్తనం: ఊళ్ళో ఎవరైనా ఏళ్ళుగా కట్టుకుంటున్నది దొరికితే అంతకన్నా మంచిది లేదు. దుకాణంలో కొన్న ప్యాకెట్‌లో గింజలకు గులాబీ రంగో ఆకుపచ్చ రంగో పూసి ఉంటే అది మందు పట్టించిన విత్తనం. వేసుకోవచ్చు గానీ పిల్లలకు అందనివ్వకండి, వేశాక చేతులు కడుక్కోండి.

చోటు: నేల మీదైతే 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు మడి చాలు. మిద్దె మీదైతే 20 లీటర్ల బకెట్లు లేదా గ్రోబ్యాగులు, బకెట్‌కు ఒక్క మొక్క. రోజంతా ఎండ తగలాలి.

ఇంకా: పాత చీర అంచులు లేదా రంగు దారం, పల్చటి గుడ్డ సంచులు, గోనె సంచి, చేట, గాజు సీసా, చేతి తొడుగులు. తొడుగులు ఎందుకో కాయలు కోసే రోజున తెలుస్తుంది.

మొక్కలు ఎన్ని? విత్తనం కోసం కనీసం 20 మొక్కలు ఉంచమంటాను. చోటు లేకపోతే 10. ఒకటి రెండు మొక్కల నుంచే ఏటా కట్టుకుంటూ పోతే రకంలోని వైవిధ్యం ఒక్కో ఏడూ కొంత జారిపోతుంది. మిద్దె మీద అన్ని బకెట్లు పట్టవు కదా అంటే, పక్క ఇద్దరితో మాట్లాడుకుని ముగ్గురూ ఒకే విత్తనం వేసి, చివర్న కలుపుకోండి.

1. ముందు మీ దగ్గరున్నది ఏ గోంగూరో తేల్చుకోండి

మనం గోంగూర అని పిలిచేవి రెండు వేరు వేరు జాతులు. ఒకటి హైబిస్కస్ సబ్‌డరిఫా. రెండోది హైబిస్కస్ కెనాబినస్, అంటే గోగు. కాడ ఎరుపా తెలుపా అన్నదాన్ని బట్టి జాతిని తేల్చకండి, రెండింట్లోనూ రెండు రంగులూ ఉంటాయి. పూత రాలేదాకా ఆగి చూడండి. కాయ చుట్టూ తొనలు కండగా ఉబ్బి, కొరికితే పుల్లగా ఉంటే మొదటిది. తొనలు సన్నగా, ఎండినట్టు, నూగుతో ఉంటే గోగు కావచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. నార కోసం పెంచే సబ్‌డరిఫా రకాల్లో కూడా తొనలు కండపట్టవు. కాబట్టి ఆకు కూడా చూడండి. ముదురు ఆకు బాగా లోతుగా చీలి, సన్నటి వేళ్ళు చాచినట్టుంటే గోగు వైపే మొగ్గు.

ఆ వేళ్ళ వల్లే దాని పేరులో కెనాబినస్ చేరింది. గంజాయి ఆకులా ఉంటుందని. న్యూజెర్సీలో ఉండే మా పిన్ని కూతురు పెరట్లో గోగు వేస్తే, పక్కింటాయన రెండు వారాలు కంచె మీంచి అనుమానంగా చూసి, చివరికి అడిగేశాడట. ఆమె గోంగూర పప్పు చేసి పంపింది. అంతటితో ఆ టెన్షన్ తీరింది.

జాతి తెలుసుకోవడం ఊరికే కాదు. సబ్‌డరిఫా చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది. గోగుకు తేనెటీగల ద్వారా పక్క మొక్కల పుప్పొడి అంతకన్నా ఎక్కువగా అంటుతుంది. ఈ రెండు జాతులూ ఒకదానితో ఒకటి మామూలుగా కలవవు, కాబట్టి పక్కపక్కన ఉన్నా భయం లేదు. ఒకే జాతిలో రెండు రకాలు పక్కపక్కన ఉంటేనే జాగ్రత్త.

2. కాలం చూసి విత్తండి

ఈ ఒక్క మెట్టు తప్పితే మిగతావన్నీ దండగ. గోంగూర పగటి పొడుగును చూసి పూస్తుంది. పగలు సుమారు పన్నెండున్నర గంటల కన్నా తగ్గితే పూతకు సిద్ధమవుతుంది, మొక్క ఎంత ఎత్తున్నా సరే. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో వేస్తే నాలుగు నెలలు ఆకు పెంచి, దీపావళి చుట్టుపక్కల పూసి, పుష్యమాసానికి కాయ ఎండుతుంది. కార్తీకంలో వేసిన మొక్కకు ఎదగడానికి వ్యవధే ఉండదు, జానెడుండగానే పూస్తుంది. పైన ప్రశ్న అడిగినవాళ్ళలో కొందరి సంగతి ఇదే.

కూర కోసం ఎప్పుడైనా వేసుకోండి. విత్తనం కోసం మాత్రం జూన్, జూలై నెలలే.

గింజలను రాత్రి నీళ్ళలో నానబెట్టి, పొద్దున అర అంగుళం లోతున వేయండి. నాలుగు నుంచి ఆరు రోజుల్లో మొలక వస్తుంది. నీళ్ళలో తేలిన గింజలన్నీ తాలు అనుకుని పారేయకండి. మంచి గింజ కూడా గాలి బుడగ పట్టుకుని తేలుతుంది. మళ్ళీ ఒకసారి కలిపి చూడండి.

నేలలో బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి చాలు. నత్రజని ఎక్కువైతే ఆకు బ్రహ్మాండంగా వచ్చి కాయ వెనకబడుతుంది. మడిలో నీరు నిలవనివ్వకండి. మొదలు దగ్గర కాడ నల్లబడి మెత్తబడితే అది కుళ్ళు, ఆ మొక్క ఇక దక్కదు. పీకి దూరంగా పడేసి, ఆ చోట మట్టి ఆరేదాకా నీళ్ళు ఆపండి.

3. ఎడం ఇవ్వండి, కేళీలు (మీ రకం కాని మొక్కలు) ఏరేయండి

కూరకు చల్లినట్టు ఒత్తుగా వదిలేస్తే విత్తనం రాదు. మొక్కకూ మొక్కకూ రెండడుగులు. మొదట ఒత్తుగానే వేసి, మొలకలు బెత్తెడు ఉన్నప్పుడు పలచన చేస్తే ఇంకా మేలు. ఏరుకోవడానికి ఎక్కువ మొక్కలుంటాయి. పీకినవి కూరకే.

ఈ దశలోనే కాడ రంగు చూడండి. ఎర్ర కాడ విత్తనంలో పచ్చ కాడ మొలకలు, లేదా పచ్చ కాడ దాంట్లో ఎర్రవి వస్తే, ఎక్కడో కలిసిందని అర్థం. గింజలు కలిసిపోయి ఉండొచ్చు, పుప్పొడి కలిసి ఉండొచ్చు. ఏదైనా సరే, మీ రకం కాని మొక్కను పూత రాకముందే తీసేయాలి. "అయ్యో, బాగుందే" అనిపిస్తే దాన్ని వేరే బకెట్‌లోకి మార్చి తినండి.

ఆకు ఈనెలు పసుపు వలలా తేలితే అది వైరస్. తెల్లదోమ మోస్తుంది. ఆ మొక్క విత్తనానికి వద్దు. చిగుళ్ళు ముడుచుకుపోయి తెల్ల పిండి పట్టినట్టుంటే పిండినల్లి. ఆ చిగురు వరకూ తుంచి సబ్బు నీళ్ళ బకెట్‌లో వేయండి. ఆకుల మీద చిన్న చిన్న చిల్లులకు మాత్రం కంగారు పడక్కర్లేదు.

4. విత్తనపు మొక్కలకు గుర్తు కట్టండి

ఇదే అసలు మెట్టు. శ్రావణమాసంలో ఒక రోజు తీరిగ్గా మడి చుట్టూ తిరగండి. ఏ మొక్కలు విత్తనానికో అప్పుడే నిర్ణయించండి. పూత వచ్చాక కాదు, కోత అయ్యాక అసలే కాదు.

ఏం చూడాలి? ఆకు మీకు నచ్చినంత పుల్లగా ఉందా? ప్రతి మొక్క నుంచి ఒక ఆకు నమిలి చూడండి, ఒకే మడిలో పులుపు తేడా ఆశ్చర్యంగా ఉంటుంది. తుంచిన చోట పక్క కొమ్మలు త్వరగా వేస్తోందా? వర్షాలకు మొదలు గట్టిగా నిలిచిందా? పక్కవాటి కన్నా ముందే మొగ్గ తొడిగిందా? తొందరగా పూసేదాన్ని ఆకుకూర కోసం ఎప్పుడూ విత్తనానికి ఉంచకండి. దాని పిల్లలూ తొందరపడేవే.

నచ్చిన మొక్కలకు చీర అంచు ముక్క కట్టండి. మొదలుకు కాదు, కంటికి ఆనే ఎత్తులో. మా ఇంట్లో మొదటి ఏడు మొదలుకు తెల్ల దారం కట్టాను. మట్టి పడి అది కనబడలేదు. మా అత్తగారు ఆదివారం పొద్దున్నే వచ్చి, పదకొండు మొక్కల్లో నేను ఎంచిన ఏడింటినీ వేళ్ళతో సహా పీకి కడిగి బుట్టలో పెట్టారు. "బాగున్నవే తీశానమ్మా" అన్నారు. ఆమె ఎంపికలో తప్పేం లేదు, సరిగ్గా నా ఎంపికే. అప్పటినుంచి ఎర్ర జరీ అంచు వాడుతున్నా, ఇంట్లో అందరికీ చెప్పి మరీ కడుతున్నా.

గుర్తు కట్టిన మొక్కలకు ఒకటి రెండుసార్లు చిగురు తుంచడం మంచిదే, కొమ్మలు వేస్తుంది. వినాయక చవితి దాటాక మాత్రం వాటి మీద చెయ్యి వేయకండి.

5. పూతను కాపాడండి

పువ్వు పొద్దున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. లేత పసుపు రేకులు, నడిమధ్యలో ముదురు ఎరుపు చుక్క.

సబ్‌డరిఫా ఒక్క రకమే వేసినవాళ్ళు ఈ మెట్టు దాటేయవచ్చు. గోగు వేసి, చుట్టుపక్కల ఇంకో రకం గోగు ఉంటే: రేపు విచ్చుతుందనిపించే మొగ్గను (రేకుల కొన బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది) ఈ సాయంత్రమే దారంతో కొన దగ్గర కట్టేయండి. పువ్వు విచ్చదు, తేనెటీగ దూరదు, లోపల తన పుప్పొడితోనే కాయ కడుతుంది. కట్టిన కాయ తొడిమెకు రంగు దారం గుర్తు. మొక్కకు నాలుగైదు మొగ్గలు కడితే చాలు, ఒక్కో కాయలో సుమారు 20 గింజలుంటాయి. రోజూ కట్టే ఓపిక లేకపోతే కొమ్మ చివరకు పల్చటి గుడ్డ సంచి తొడగండి. ప్లాస్టిక్ కవర్ తొడిగితే లోపల చెమట పట్టి మొగ్గ కుళ్ళుతుంది.

పూత రాకపోతే? వీధి దీపం ఎక్కడుందో చూడండి. ఈ మొక్కకు రాత్రి చీకటి తెగకుండా కావాలి. బాల్కనీ లైటు రాత్రంతా వెలిగే చోట మొక్క ఆకు వేస్తూనే ఉంటుంది. బకెట్ జరపండి, లేదా లైటు ఆపండి.

అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళకు ఇదే పెద్ద తలనొప్పి. అక్కడ పగలు తగినంత తగ్గేసరికి సెప్టెంబర్ వస్తుంది, పూత అక్టోబర్‌లో, ఆ వెంటనే మంచు పడి మొక్క చస్తుంది. ఉపాయం: ఒకటి రెండు మొక్కలను కుండీలో ఉంచి, జూలై చివరి నుంచి రోజూ సాయంత్రం ఆరుకు చీకటి గదిలోనో గ్యారేజీలోనో పెట్టి పొద్దున ఎనిమిదికి బయటికి తీయండి. మొగ్గలు బాగా కనబడేదాకా, సుమారు నెల రోజులు. మధ్యలో లైటు వేస్తే లెక్క చెడుతుంది. ఫ్లోరిడా లాంటి వెచ్చటి చోట ఈ పాట్లు అక్కర్లేదు. ఇంకో మాట, ఇండియా నుంచి సూట్‌కేసులో విత్తనం దాచి తీసుకెళ్ళకండి. దానికి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లాంటి కాగితాలు కావాలి. అక్కడే పెంచుతున్నవాళ్ళ దగ్గర తీసుకోవడం సులువు.

6. కాయ కోయడం

కింది కాయ ముందు పండుతుంది, పైన ఇంకా పువ్వులుంటాయి. అందుకని ఒకేసారి మొక్క పీకేయకుండా, గోధుమరంగు తిరిగి కొన కాస్త విచ్చబోతున్న కాయలను రెండు మూడు విడతలుగా కోయండి. పచ్చి కాయ కోసి ఎండబెడితే గింజ ముడుచుకుపోతుంది. మరీ ఆగితే కాయ అయిదు చీలికలుగా పగిలి గింజ నేల పాలు.

కాయల మీది సన్న నూగు చేతులకు గుచ్చుకుంటే రోజంతా దురద. తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకోండి.

కోస్తా వాళ్ళకు ప్రత్యేకంగా: కాయ ముదిరే సమయమూ తుపాన్ల సమయమూ ఒకటే. వాయుగుండం వార్త వినగానే గోధుమరంగు తిరిగినవన్నీ కొమ్మలతో సహా కోసి వసారాలో తలకిందులుగా వేలాడదీయండి. రెండు రోజులు తడిసిన కాయ లోపల బూజు పడుతుంది, ఒక్కోసారి గింజ కాయలోనే మొలకెత్తుతుంది.

ఎర్రగా నల్ల మచ్చలతో, పత్తి చేలో కనబడే పురుగులు కాయల మీద గుంపుగా చేరితే రోజూ పొద్దున దులిపి సబ్బు నీళ్ళలో వేయండి. అవి గింజలోని సారం పీల్చేస్తాయి, పైకి గింజ బాగానే కనిపిస్తుంది. దాని సంగతి మొలక పరీక్షలో బయటపడుతుంది.

7. నూర్చి చెరగండి

ఎండిన కాయలను గోనె సంచిలో వేసి, మూతి కట్టి, కర్రతో నెమ్మదిగా కొట్టండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, నూగు లేస్తుంది. చేటతో చెరిగితే పొట్టు పోతుంది. తరువాత తెల్ల గుడ్డ మీద పరిచి కంటితో ఏరండి. ముడతలు పడ్డవి, చిల్లులున్నవి, తేలికవి తీసేయాలి. నిండు గింజ మూత్రపిండం ఆకారంలో, బూడిద లేదా ముదురు గోధుమ రంగులో ఉంటుంది.

8. ఆరబెట్టడం

ఎక్కువ విత్తనం చచ్చేది ఇక్కడే. మిట్టమధ్యాహ్నం కాలే సిమెంటు మిద్దె మీద, రేకు మీద, నల్ల టార్పాలిన్ మీద ఆరబోయకండి. చాప మీదో గుడ్డ మీదో పరిచి పొద్దుటి ఎండ పది గంటల దాకా, ఆ తర్వాత నీడ. ఇలా వారం.

ఆరిందో లేదో రెండు పరీక్షలు. పంటి కింద గింజ టక్కున విరగాలి, నలిగితే ఇంకా పచ్చి. రెండోది ఉప్పు పరీక్ష: పొడి గాజు సీసాలో చెంచాడు వేయించి చల్లార్చిన ఉప్పు, సీసాలో నాలుగో వంతు గింజలు వేసి, మూత పెట్టి రెండు నిమిషాలు ఊపండి. పది నిమిషాలాగి చూడండి. ఉప్పు గోడలకు అంటుకుంటే మళ్ళీ ఆరబెట్టాలి. అంటుకోకపోయినా విత్తనానికి అది కనీస స్థాయే, ఇంకాస్త ఆరితే ఇంకా మంచిది.

విశాఖ, కాకినాడ లాంటి ఉక్క ఊళ్ళలో ఎంత ఎండబెట్టినా గింజ గాలిలోంచి తేమ లాక్కుంటుంది. అక్కడ బియ్యం ఉపాయం పనిచేస్తుంది. బియ్యాన్ని మాడకుండా ముప్పావు గంట వేయించి, మూత పెట్టిన సీసాలోనే పూర్తిగా చల్లారనివ్వండి. గింజలను గుడ్డ మూటలో కట్టి, వాటి బరువుకు రెండింతలు ఆ బియ్యంలో పది రోజులు ఉంచి, మూట తీసేయండి. వేడి బియ్యంలో పెడితే గింజ వేగిపోతుంది, జాగ్రత్త.

9. దాచడం

గోంగూర గింజలో నూనె ఉంటుంది. అందుకని తేమ, వేడి తగిలితే ఏడాదికే మొలక పడిపోతుంది. బాగా ఆరి, చల్లగా, గాలి చొరకుండా ఉంటే మూడు నాలుగేళ్ళు నిలుస్తుంది. గాజు సీసా, బిగుతు మూత. ఫ్రిజ్‌లో పెడితే, తీసిన వెంటనే మూత తెరవకండి. సీసా గది వేడికి వచ్చేదాకా సగం రోజు ఆగండి, లేకపోతే లోపల గింజలకు చెమ్మ పడుతుంది.

ఫ్రిజ్ వద్దనుకుంటే పాత పద్ధతి: జల్లించిన చల్లటి కట్టెల బూడిద గింజకు సమానంగా కలిపి, పైన ఎండు వేపాకు పరిచి మూత వేయడం. వేపాకు గలగలలాడేలా ఎండాలి. పచ్చి వేపాకు వేసి, "వేప వేసినా బూజు పట్టింది" అని అడిగేవాళ్ళు ఉన్నారు. బూజు తెచ్చింది ఆ పచ్చి ఆకే.

సీసా మీద చీటీ: రకం, ఎక్కడి నుంచి వచ్చింది, కోసిన నెల, ఎన్ని మొక్కల నుంచి తీశారు. చీటీ ఇంకోటి లోపల కూడా వేయండి. పైది ఊడిపోతుంది.

విత్తనాన్ని మూడు భాగాలు చేయండి. ఒకటి వచ్చే జూన్‌కు, ఒకటి వర్షాలు ముంచేస్తే మళ్ళీ వేయడానికి, ఒకటి వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళకు. ఇవ్వడానికి చట్టం అడ్డు రాదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు కూడా.

10. మొలక పరీక్ష

మే నెలాఖరులో చేయండి, జూన్ దాకా ఆగొద్దు. తడిపి పిండిన నూలు గుడ్డ మీద 20 గింజలు వరసగా పేర్చి, చుట్టి, డబ్బాలో పెట్టి వంటింట్లో ఉంచండి. రోజూ గుడ్డ తడి చూడండి, నీళ్ళు కారకూడదు. ఏడో రోజు లెక్కపెట్టండి.

16 లేదా ఆపైన వస్తే విత్తనం బాగుంది. 10 నుంచి 15 అయితే గింజ ఒత్తుగా వేయండి, ఈ ఏడు తప్పకుండా కొత్తగా కట్టుకోండి. 10 లోపు అయితే ఉన్న గింజంతా ఇప్పుడే వేసేయండి, దాచి లాభం లేదు. మొలవని గింజలను వేలితో నొక్కి చూడండి. రాయిలా గట్టిగా ఉంటే అది నీరు పీల్చని గింజ, పై తొక్కను గరుకు కాగితం మీద ఒక్కసారి రాసి మళ్ళీ నానబెడితే మొలవొచ్చు. మెత్తగా నలిగితే చచ్చిన గింజ. ఎక్కువ మెత్తబడ్డవే ఉంటే ఆరబెట్టడం దగ్గరో, కాయల మీది పురుగుల దగ్గరో పొరపాటు జరిగింది.

గుడ్డలో మొలిచినవాటిని పారేయకండి. వేరు విరగకుండా తీసి ఒక బకెట్‌లో నాటితే, మడిలో విత్తినవాటి కన్నా ముందే మొదటి పచ్చడికి ఆకు వస్తుంది. వాటికి జరీ అంచు కట్టక్కర్లేదు, మా అత్తగారి వాటా అది.